దిద్దిన ఫిల్ము

నీలం సంచీని మంచం మీద పెట్టి, ముందు తువ్వాళ్ళు పరిచింది మచ్చలావిడ. వాటి మీద నాలుగు చొక్కాలు, మూడు పైజామాలు, ఉన్ని టోపీ, మందుల డబ్బా, స్టీలు గ్లాసు. అంతా అయ్యాక, టోపీ అడుక్కి పోయిందని గుర్తొచ్చి మొత్తం బయటికి తీసింది. చలేస్తే మొదట కావలసింది టోపీయే కదా. దాన్ని పైకి చేర్చి మళ్ళీ మొదలుపెట్టింది. సర్దడం ఇది మూడోసారి.

కిటికీ పక్క కుర్చీలో కూర్చుని ఆమె భర్త ఇదంతా చూస్తున్నాడు. నలభై రెండేళ్ళు ఫోటో స్టూడియో నడిపిన మనిషి. ఊళ్ళో అందరికీ ఆయన ఫోటో మాస్టారు. అదే స్టూడియో వెనక గదిలో కూర్చుని నెగెటివుల మీద మచ్చలు పూడ్చే ఆవిడ కాబట్టి ఈమె మచ్చలావిడ. ఆ పేరు ఎవరు మొదలుపెట్టారో గానీ పెళ్ళిచూపులకు పంపే ఫోటో తీయించుకోవడానికి వచ్చిన ప్రతి పిల్లా, "ఈ మొటిమ సంగతి మచ్చలావిడకి చెప్పండి మాస్టారూ" అని మరీ చెప్పి వెళ్ళేది.

"ఈసారి ఏది వదిలేస్తున్నావు?" అన్నాడు మాస్టారు.

"ఏదీ వదల్లేదు."

"అద్దం దగ్గర నా గడ్డం రేజరు కనిపిస్తోంది."

"మర్చిపోయానేమో" అంది. కానీ అటు కదల్లేదు. ఆయన కూడా తెమ్మనలేదు.

ఎవరు ప్రయాణమైనా వాళ్ళది ఒక వస్తువు ఇంట్లో ఉంచేయడం ఆమెకు చిన్నప్పటి నుంచి అలవాటు. ఆమెకు తొమ్మిదేళ్ళప్పుడు అన్నని ఊపిరితిత్తుల జబ్బుతో దూరపు ఆస్పత్రికి తీసుకెళ్ళారు. వాళ్ళమ్మ చాలా శ్రద్ధగల మనిషి. రేకుపెట్టెలో కొడుకు వస్తువులన్నీ, పలక ముక్కతో సహా, ఒక్కటీ మిగల్చకుండా సర్దింది. బండి మలుపు తిరిగాక పిల్ల ఇల్లంతా వెతికింది. అన్న వస్తువు అని చెప్పుకోవడానికి ఒక గుండీ కూడా దొరకలేదు. ఇక దేనికోసం వస్తాడు అనుకుంది. అన్న రాలేదు. తొమ్మిదేళ్ళ బుర్రకు ఆనాడు తట్టిన లెక్క అరవై ఆరేళ్ళు వచ్చినా చెరగలేదు. ఈ అలవాటు పుణ్యమా అని మాస్టారు ఒకసారి పొరుగూరి పెళ్ళిలో ఒంటి మేజోడుతో రెండు రోజులు ఫోటోలు తీశాడు. ఆ కథ ఆయన ఇప్పటికీ కొత్తగా చెబుతాడు.

ఈ ప్రయాణం మాత్రం పెళ్ళికి కాదు. రెండు నెలల కిందట ఆయన దగ్గులో రక్తపు చార కనిపించింది. ఊళ్ళో డాక్టరు ఎక్స్‌రే తీయించి, కుడి ఊపిరితిత్తి పైభాగంలో గడ్డ ఉందన్నాడు. అక్కడికి సూది పంపి ముక్క తీసి పరీక్షకు పంపితే క్యాన్సరని తేలింది. అది ఎంతదూరం పాకిందో తేల్చే పెద్ద స్కానులు ఈ ఊళ్ళో లేవు, పెద్దాస్పత్రికి వెళ్ళమన్నాడు. స్టూడియో ఇప్పుడు కూతురి చేతిలో ఉంది. ఆ పిల్లే ఫోన్లు చేసి రోజు ఖాయం చేసింది. అవతలివాళ్ళు ఒక మాట చెప్పారట: పాత ఎక్స్‌రేలు ఎంత పాతవైనా సరే వెంట తెమ్మని.

ఆ మాట చెవిన పడ్డప్పటి నుంచి మచ్చలావిడకు అన్నం సయించడం లేదు.

"నాన్నది పదకొండేళ్ళ కిందటి ఫిల్ము ఒకటి ఉండాలి కదమ్మా" అని కూతురు అడిగింది. ఎక్కడిది, ఎలకలు కొట్టేశాయి అని ఆమె అనేసింది. అబద్ధం నోట్లోంచి ఇంత సులువుగా వస్తుందని ఆమెకే తెలియదు.

కానీ ఎలకల మాట మాస్టారు నమ్మలేదు. స్టూడియోలో ఉన్న ప్రతి ఫిల్ముకీ ఒక కవరు, కవరుకు ఒక నంబరు, నంబరుకు రిజిస్టరులో ఒక వరస, అన్నీ ఆమె చేతిరాతే. బడికి నాలుగేళ్ళే వెళ్ళి, మిగతా చదువు అంతా పాత పత్రికల్లో ఫోటోల కింది మాటలు కూడబలుక్కుంటూ నేర్చుకున్న ఆమెకు, ఆ రిజిస్టరంటే పరీక్ష పేపరంత భయభక్తులు. అందులో ఉన్నదేదీ పోదని ఆయనకు తెలుసు. ఆమె టోపీ కోసం మూడోసారి సర్దుతుండగా ఆయన మెల్లగా లేచి ముందు గదిలోకి వెళ్ళి, ఖాకీరంగు పెద్ద కవరుతో తిరిగొచ్చాడు. 'మాస్టారు. ఛాతీ.' అని మూల మీద ఆమె అక్షరాలు.

"నీ ఎలకలు మర్యాద గలవి. కవరు కూడా చింపలేదు" అంటూ దాన్ని చొక్కాల మధ్య, నలక్కుండా, తనే పెట్టాడు.

ఆమె సంచీ మూతి బిగించింది. లోపల ఉన్నది ఫిల్ము కాదు, పాము అన్నట్టు దారంతా ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది.

*

పదకొండేళ్ళ కిందట మాస్టారికి నెల రోజులు జలుబు వదల్లేదు. వీధి చివరి క్లినిక్కులో ఫిల్ము తీసి, డాక్టరు వెళ్ళిపోయాడు, రేపు చూపించండి అని కవరు చేతికిచ్చారు. ఇంటికి తెచ్చి ఆమె దాన్ని కిటికీకి పెట్టి చూసింది. ఎక్స్‌రే అంటే ఆమెకు వింతేమీ కాదు. అదీ నెగెటివే. గాలి ఉన్నచోట నలుపు, ఎముక ఉన్నచోట తెలుపు. ఎడమవైపు పైన, నల్లటి మైదానం మధ్యలో, శనగగింజంత తెల్లటి చుక్క ఉంది.

నెగెటివు మీద దుమ్ము కూర్చుంటే అచ్చం అలాగే తెల్లచుక్క పడుతుంది. అలాంటివి పూడ్చడమే ఆమె పని. వాలుబల్ల మీద అద్దం, అద్దం మీద నెగెటివు, కింద దీపం. పింగాణీ గిన్నెలో నీళ్ళలో కరిగిన బూడిదరంగు. మూడే వెంట్రుకలున్న కుంచె. కుంచె మొన పెదాల మీద ఆనించి, చుక్క మధ్యలో తాకించి, ఆరనిచ్చి, మళ్ళీ తాకించి, చుట్టూ ఉన్న నలుపులో అది కలిసిపోయేదాకా అలా చేస్తూ పోవాలి. ఆ సాయంత్రం ఆమె ఫిల్మును వాలుబల్ల మీద పెట్టింది. అరగంటలో చుక్క లేదు. మర్నాడు క్లినిక్కు డాక్టరు ఫిల్మును వెలుగుకు ఎత్తి పట్టి, "శుభ్రంగా ఉంది మాస్టారూ, జలుబే" అన్నాడు. నిజంగానే వారం తిరక్కుండా జలుబు తగ్గింది.

దుమ్మే అది, అని ఆమె తనకు తాను చెప్పుకుంది. పదకొండేళ్ళుగా చెప్పుకుంటూనే ఉంది. ఆయన ఎప్పుడు దగ్గినా చేతిలో పని ఆగిపోయేది. దగ్గు ఆగాకే మళ్ళీ కదిలేది.

*

పెద్దాస్పత్రిలో మొదటి రోజు మాస్టారిని ఒక పెద్ద వలయంలాంటి యంత్రంలోకి పంపారు. బయట బెంచీ మీద కూర్చున్న ఆమెకు లోపలి గొంతు వినిపిస్తూనే ఉంది: ఊపిరి పీల్చండి, బిగబట్టండి, ఇక వదలండి. ఆయన నవ్వుకుంటూ బయటికొచ్చాడు. "నలభై రెండేళ్ళు నేను జనానికి చెప్పిన మాట, ఇవాళ ఒక యంత్రం నాకు చెప్పింది. నవ్వమని మాత్రం అనలేదు" అన్నాడు. కూతురు నవ్వింది. ఆమె కూడా నవ్వాలనుకుంది.

రెండో రోజు ఇంకో స్కాను. చక్కెరనీళ్ళలాంటి మందు ఒకటి నరంలోకి ఎక్కించి గంటసేపు కదలకుండా పడుకోబెట్టారు. క్యాన్సరు కణాలకు ఆకలి ఎక్కువ, ఆ చక్కెరని అవే ముందు లాక్కుంటాయి, లాక్కున్నచోటల్లా బొమ్మలో వెలుగుతుంది అని అక్కడి నర్సు చెప్పింది. "అంటే దొంగ తిన్న లడ్డూయే దొంగని పట్టిస్తుందన్నమాట" అన్నాడు మాస్టారు. ఆ నర్సుకు మాట నచ్చి, తర్వాత వచ్చిన ప్రతి రోగికీ అదే చెప్పింది.

మూడో రోజు పొద్దున స్కానులు చదివే డాక్టరు పిలిచింది. ముప్పై అయిదు దాటని మనిషి, మాట నెమ్మది. ఆమె గదిలో దీపాలు ఆర్పి ఉన్నాయి. గోడంతా తెరలు, తెరల మీద బూడిదరంగు ముక్కలు ముక్కలుగా మాస్టారి ఛాతీ. చీకటి గదిలో అడుగుపెట్టగానే మాస్టారి భుజాలు కాస్త సర్దుకున్నాయి. "మేం ఫోటోలు కడిగే నల్లగదిలాగే ఉంది. ఎర్రబల్బు ఒక్కటే తక్కువ" అన్నాడు. ఆనాటి నుంచి ఆయన దృష్టిలో ఆమె నల్లగది డాక్టరమ్మ.

డాక్టరమ్మ దాచకుండా, బెదరగొట్టకుండా చెప్పింది. స్టేజి అంటే జబ్బు వయసు కాదు, అది నడిచిన దూరం. పుట్టినచోటే ఉందా, పక్కనున్న గ్రంథుల దాకా వెళ్ళిందా, లేక గుమ్మం దాటి అవతలి ఊపిరితిత్తికో, ఎముకకో, మెదడుకో పోయిందా అన్నది ఈ బొమ్మలే చెప్పాలి. కుడివైపు గడ్డ మూడు సెంటీమీటర్లు, చక్కగా వెలిగింది. మధ్యలో గ్రంథులు వెలగలేదు. కాలేయం, ఎముకలు, తల శుభ్రం. ఇంతవరకే అయితే ఆ భాగం కోసి తీసేయొచ్చు. కానీ ఎడమవైపు పైన తొమ్మిది మిల్లీమీటర్ల చుక్క ఒకటి ఉంది. వెలిగిందని చెప్పలేము, వెలగలేదనీ చెప్పలేము. అంత చిన్నదాన్ని ఆ స్కాను పట్టుకోలేదు. రెక్క ఎముక చాటున ఉండటంతో సూది పంపడానికీ దారి లేదు.

"అది ఎప్పుడో తగ్గిపోయిన జబ్బు తాలూకు మచ్చయితే మనకు దాంతో పనిలేదు. కొత్తగా పుట్టిందయితే జబ్బు రెండోవైపుకి దాటినట్టే. అప్పుడు నాలుగో స్టేజి. కోసి ప్రయోజనం ఉండదు" అంది. "ఇలాంటప్పుడు నా యంత్రాలన్నిటికంటే ఒక పాత ఫిల్ము ఎక్కువ పనికొస్తుంది. తెచ్చారా?"

మాస్టారు సగర్వంగా ఖాకీరంగు కవరు అందించాడు. "మా ఆవిడ ఏదీ పారెయ్యదండీ."

మూలనున్న పాత వెలుగుపెట్టె మీద డాక్టరమ్మ ఫిల్ము తగిలించింది. చాలాసేపు చూసింది. భూతద్దం తీసి మళ్ళీ చూసింది. మచ్చలావిడ గోడవైపు చూస్తూ నిలబడింది.

"ఎడమవైపు ఏమీ లేదు" అంది చివరికి డాక్టరమ్మ. "ఇది ఉండుంటే బాగుండునని మనసులో అనుకుంటూనే చూశాను. లేదు. అంటే ఇది తర్వాత వచ్చిందే."

ఆ తర్వాత ఛాతీ డాక్టరు కూడా వచ్చి అదే చెప్పాడు. మందులు ఉన్నాయి, వాటితో కొంతకాలం నెట్టుకురావచ్చు, ఏడాదో, కొందరికి అంతకంటే ఎక్కువో. సాయంత్రం అయిదింటికి కూర్చుని మందులు ఖాయం చేద్దాం అన్నాడు. మాస్టారు తలూపాడు. కూతురు ఆయన మోచేయి పట్టుకుంది. ఆయన కూతురి చెయ్యి తట్టి, అందరూ ఎవరో పరాయి మనిషి ఫోటో గురించి మాట్లాడుతున్నట్టుగా, మీ బొమ్మలు చాలా బాగా వచ్చాయి డాక్టరమ్మా అన్నాడు.

*

టీ తాగుదాం రమ్మని కూతురు తండ్రిని కిందికి తీసుకెళ్ళింది. మీరు పదండి, నేను సంచీ దగ్గర ఉంటానంది మచ్చలావిడ. వాళ్ళు మెట్ల మలుపు తిరిగేదాకా చూసింది. ఆయన వీపు సన్నబడింది. ఆ వీపు కనిపించకుండా పోయాక కూడా కాసేపు మెట్లనే చూసింది.

చెప్పాలా? చెబితే ఏమవుతుంది? ఆ చుక్క అప్పుడూ ఉందని తెలుస్తుంది. అప్పుడు ఇంతే ఉంటే మంచిది. ఒకవేళ అప్పుడు చిన్నదై ఇప్పుడు పెద్దదైతే? అదే ఈ జబ్బుకు మొదలైతే? పదకొండేళ్ళ కిందట వైద్యం చేస్తే పోయేదాన్ని తన కుంచెతో కప్పిపెట్టినట్టవుతుంది. చెప్పకపోతే ఎవరికీ తెలియదు. ఆయన తన చేతిపనిని మెచ్చుకుంటూనే వెళ్ళిపోతాడు.

వెళ్ళిపోతాడు అన్న మాట దగ్గరికి వచ్చేసరికి ఆమె లేచి నిలబడింది.

నల్లగదిలో డాక్టరమ్మ ఒక్కతే ఉంది. "ఏం కావాలమ్మా?" అంది.

"ఆ ఫిల్ముని నమ్మొద్దు డాక్టరమ్మా."

దుఃఖంలో ఉన్న పెద్దావిడ అనుకుని డాక్టరమ్మ కుర్చీ జరిపి మంచినీళ్ళ సీసా అందించింది. మచ్చలావిడ తాగలేదు.

"ఎడమవైపు అక్కడ చుక్క ఉండేది. నేను పూడ్చేశాను. నా పని అదే. నలభై ఏళ్ళు అదే చేశాను."

డాక్టరమ్మకు ఇంకా అర్థం కాలేదు. మచ్చలావిడ వెలుగుపెట్టె మీది నుంచి ఫిల్ము తనే తీసింది. బల్లదీపం మెడ వంచి, వెలుగు పక్కనుంచి జారేట్టు పట్టుకుంది. "ఇలా చూడండి. ఎదురుగా చూస్తే కనపడదు." నిగనిగలాడే నల్లటి ఫిల్ము మీద ఒక్కచోట, శనగగింజంత మేర, నిగారింపు లేదు. ఆవిరి పట్టిన అద్దంలా ఉంది.

డాక్టరమ్మ ఫిల్మును అటూ ఇటూ వంచి చూసింది. ఈ ఉద్యోగంలో ఇలాంటి మాట వినడం ఇదే మొదటిసారి అంది. ముందు ఆ ఫిల్మును ఉన్నదున్నట్టు ఫోటో తీసి పెట్టుకుంది. తర్వాత అడిగింది, ఈ రంగు పోతుందా అని.

"నీళ్ళ రంగే. నానితే వదుల్తుంది. తుడవకూడదు. తొందరపడితే పొర లేచిపోతుంది, అప్పుడు మీకూ ఏమీ మిగలదు."

నర్సు వెడల్పాటి స్టీలు ట్రే తెచ్చింది. మచ్చలావిడ నీళ్ళలో మణికట్టు ముంచి చూసింది; గోరువెచ్చన కూడా కాకూడదు, చల్లగా ఉండాలి. ఫిల్మును ఒక అంచు నుంచి మెల్లగా దించింది. నీళ్ళలో పడగానే చేతులకు పాత పని గుర్తొచ్చింది. పావుగంట. నీళ్ళు మార్చింది. ఇంకో పావుగంట. మెరిసే ట్రే అడుగున, వెంట్రుకంత సన్నటి బూడిదరంగు పొగ ఒకటి ఫిల్ము మీది నుంచి విడివడి, తోక ఊపుకుంటూ నీళ్ళలో కలిసిపోయింది. పదకొండేళ్ళుగా ఆమె గుండెల మీద ఉన్న బరువంతా ఆ కాస్త రంగే.

దుమ్ము మచ్చకు అంచు పదునుగా ఉంటుంది. రంగు పోయి బయటపడ్డ ఈ చుక్క అంచు మెత్తగా ఉంది. ఆనాడూ మెత్తగానే ఉంది.

ఫిల్ము ఆరేలోపు డాక్టరమ్మ కూర్చోలేదు. స్కానుని ఎక్స్‌రేతో పోల్చడం కుదరదు, ఎక్స్‌రేని ఎక్స్‌రేతోనే పోల్చాలి అని చెప్పి, టీ తాగి వచ్చిన మాస్టారిని కారణం చెప్పకుండా లోపలికి పంపి, పదకొండేళ్ళ కిందట నిలబడ్డట్టే నిలబెట్టి కొత్తగా ఒకటి తీయించింది. "ఇంకో పోజా? మీ ఇష్టం" అన్నాడాయన.

తర్వాత నల్లగదిలో పాతదీ కొత్తదీ పక్కపక్కన పెట్టింది. పక్కటెముకలు లెక్కపెట్టి చోటు సరిచూసింది. కొలిచింది. రెండో డాక్టరును పిలిచి తన కొలత చెప్పకుండా కొలవమంది. ఆయన కూడా కొలిచాడు. గోడకు ఆనుకుని నిలబడ్డ మచ్చలావిడ ఆ రెండు వీపుల్నీ చూస్తూ, ఒకటి నుంచి వందకు లెక్కపెట్టి, మళ్ళీ వంద నుంచి ఒకటికి వచ్చింది.

డాక్టరమ్మ వెనక్కి తిరిగి ఆమె రెండు చేతులూ పట్టుకుంది. "అదే చోటు, అదే కొలత. పదకొండేళ్ళలో ఆవగింజంత కూడా పెరగలేదు. ఎప్పుడో తగ్గిన జబ్బు మచ్చ ఇది. క్యాన్సరు ఇన్నేళ్ళు ఇలా కదలకుండా కూర్చోదు." ఆగి అంది: "జబ్బు కుడివైపు నుంచి ఇటు దాటలేదమ్మా. ఆపరేషన్ చేయొచ్చని అయిదింటి మీటింగులో నేను చెబుతాను."

మచ్చలావిడకు ఏడుపు రాలేదు. ట్రేలో నీళ్ళు ఎక్కడ పారబొయ్యాలని అడిగింది.

*

ఆయన వరండా చివర బెంచీ మీద కూర్చుని, కిటికీలోంచి రోడ్డు మీది జనాన్ని చూస్తున్నాడు. కూతుర్ని మందుల దుకాణానికి పంపాడట. ఆమె పక్కన కూర్చుని, ఆయన ముఖం చూడకుండా, మొదటి నుంచి చివరిదాకా చెప్పింది. మంచి కబురు ముందు చెబితే ఆయన మిగతాది వినడని, దాన్ని ఆఖర్న చెప్పింది.

ఆయన ఆమెకని తెచ్చి ఉంచిన టీ మీద మీగడ కట్టింది. రోడ్డు మీద ఒక బస్సు ఆగి, నిండి, కదిలిపోయింది.

"దుమ్ము కాదని నీకు తెలుసా?" అన్నాడు చివరికి.

"తెలుసు."

"ఎలా?"

"అంచు మెత్తగా ఉంది."

"ఆ రోజు అది నిజంగానే జబ్బయ్యుంటే?"

"నా చేతుల్తో నేనే మిమ్మల్ని పంపేసినదాన్ని అయ్యేదాన్ని."

ఆయన గట్టిగా ఊపిరి తీసుకున్నాడు. దగ్గొచ్చింది. దగ్గు ఆగేదాకా ఆమె అలవాటు ప్రకారం కదలకుండా ఉంది.

"మీ అన్న గుర్తొచ్చాడా?"

ఆమె తలూపింది. అన్న ఫిల్ము వాళ్ళ నాన్న చేతిలో చూసింది ఒక్కసారే. అందులో కూడా నల్లటి మైదానంలో తెల్లటి చుక్కలు ఉన్నాయి, చాలా ఉన్నాయి. ఒకే ఒక్క చుక్క కదా, అది లేకుండా చేస్తే పెట్టె సర్దక్కర్లేదు కదా అని ఆ సాయంత్రం అనిపించింది. ఆ మాట ఆమె ఇన్నేళ్ళలో ఎవరికీ చెప్పలేదు. ఇప్పుడు ఆయనకు చెప్పింది.

"ఊరి నుంచి వచ్చే ముందు ఆ ఫిల్ము కిటికీకి పెట్టి చూశాను" అన్నాడు మాస్టారు. "ఆ క్లినిక్కువాడి ఫిల్ములన్నీ గీతలూ వేలిముద్రలూ. ఇదొక్కటే ఇంత శుభ్రంగా ఉందేమిటా అనుకున్నాను. అనుకుని ఊరుకున్నాను. నలభై రెండేళ్ళ అనుభవం, ఎందుకు?" ఆయన గొంతులో కోపం ఉంది, దానికింద ఇంకేదో ఉంది. "నా కంటికే దొరకలేదు చూడు నీ పని."

"మెచ్చుకోకండి."

"మెచ్చుకోవడం లేదు. కోపంగానే ఉంది. ఈ కోపం ఆపరేషన్ అయ్యాక తీరిగ్గా పడతాను, గుర్తుపెట్టుకో." తర్వాత ఆమె చేతుల వైపు చూశాడు. "ఇటు తే. ఇంకా తడిగానే ఉన్నాయి."

సంచీ తెరిచి, అడుగున ఉన్న తువ్వాలు లాగాడు. మూడుసార్లు సర్దిన సర్దుడంతా చెదిరిపోయింది. ఆమె వేళ్ళు ఒక్కొక్కటే తుడిచాడు, గోటి కింద మిగిలిన బూడిదరంగుతో సహా. ఆమె అప్పుడు ఏడ్చింది. చూసినవాళ్ళు చెడ్డ కబురు విన్నారనుకుని పక్కకు తప్పుకుని వెళ్ళారు.

*

ఆపరేషన్ తర్వాతి వారం జరిగింది. కుడి ఊపిరితిత్తి పైభాగం తీసేశారు. గ్రంథులు పరీక్షకు పంపితే వాటిలో ఏమీ లేదని వచ్చింది. స్కానులు చెప్పిందే నిజమైంది. పన్నెండో రోజు ఆయన తెల్లగడ్డంతో, గుమ్మంలో ఒకసారి ఆగి ఊపిరి తీసుకుని, ఇంట్లోకి వచ్చాడు. నేరుగా అద్దం దగ్గరికి వెళ్ళి రేజరు చేతిలోకి తీసుకున్నాడు. "దీనికోసమే వచ్చాను. లేకపోతే అక్కడే బాగుంది" అన్నాడు.

పడతానన్న కోపం ఆయన పడలేదు. రిజిస్టరులో ఆ ఫిల్ము నంబరు ఎదురుగా, ఆమె అక్షరాల పక్కన, తన అక్షరాలతో 'కడిగినది' అని మాత్రం రాశాడు. మొదట ఆరు నెలలకొకసారి, ఆ తర్వాత ఏడాదికొకసారి స్కానుకు వెళ్ళేవాళ్ళు. వెళ్ళినప్పుడల్లా నల్లగది డాక్టరమ్మ కుడివైపు చూసి, తర్వాత ఎడమవైపు చుక్కను కూడా కొలిచి, "మీ మచ్చ క్షేమం అమ్మా" అని ఈమెతో చెప్పేది. సెలవు తీసుకునేటప్పుడు మాస్టారు ప్రతిసారీ, ఈసారైనా నవ్వమని చెప్పించండి మీ యంత్రంతో అనేవాడు. ఆయన దగ్గితే ఆమె చేతిలో పని ఆగడం మాత్రం మానలేదు.

ఆరో ఏడు చలికాలం మొదట్లో గుండె బరువుగా ఉందన్నాడు. అదే ఆస్పత్రికి, అదే నీలం సంచీతో వెళ్ళారు. ఊపిరితిత్తుల ఫిల్ములో కొత్తగా ఏమీ లేదు. రేజరు ఆమె ఈసారి కూడా అద్దం దగ్గరే ఉంచింది. ఫోటో మాస్టారు తిరిగి రాలేదు. అయిదో రోజు, గురువారం, మధ్యాహ్నం మూడున్నరకు పోయాడు.